పొలిమేర పాఠకుడు – గ్రంథాభిప్రాయములు

తెలుగు గ్రంథమును తెఱచినంతనే మొదట కనబడునవి అభిప్రాయములు. పీఠిక, తొలిపలుకు, ఆశీస్సు, పండితాభిప్రాయము అను పేర్లతో అవి పెక్కు పుటలు నిండియుండును. వానిలో చాలభాగము గ్రంథము అచ్చు కాకముందే వ్రాయబడినవి. గ్రంథకర్తను ఎఱిగినవారు వ్రాసినవి. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’కి కాశీనాథుని నాగేశ్వరరావు కూర్చిన పీఠిక వంటివి గ్రంథముతోపాటు నిలువదగినవి కలవు గాని, అట్టివి వ్రేళ్లపై లెక్కింపవచ్చును. గ్రంథమును వెల యిచ్చి కొనియో, ఎరువు తెచ్చుకొనియో చదివినవాని అభిప్రాయమునకు మాత్రము ఆ పుటలలో తావు లేదు. అది అరుగుమీద పుట్టి అరుగుమీదనే అణగిపోవును. పుస్తకము ఒక చేతినుండి మఱియొక చేతికి పోవునా, అటకకు ఎక్కునా అనునది నిర్ణయించునది ఈ అచ్చుకాని అభిప్రాయమే.

నడిబొడ్డున నున్న పాఠకుని మాట పత్రికల గ్రంథవిమర్శలలోనైన నొకప్పుడు వినబడును. పొలిమేరయందలి పాఠకుని మాట అసలే వినబడదు. చంద్రపూరు జిల్లాలోని ఆవర్‌పూరు అట్టి పొలిమేర ఊరు. అది నేడు కోర్పనా తాలూకాలోనిది. ఆ ప్రాంతము పూర్వము రాజూరా తాలూకాలో భాగము. రాజూరా 1956వ సంవత్సరము వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో నుండి, రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున బొంబాయి రాష్ట్రమునకు చేరి, 1960లో మహారాష్ట్రమున భాగమయ్యెను. ఊరు కదలలేదు, గీత కదలినది. సున్నపురాయి గల నేల యగుటచే 1980వ దశకమున ఇచట సిమెంటు కర్మాగారము వెలసినది. మరాఠీ, గోండీ, కొలామీ, తెలుగు ఒకే సంతలో వినబడు సీమ యిది. తెలుగు కుటుంబముల పిల్లలు మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుకొందురు. తల్లిదండ్రుల తరమువారికి తెలుగు చదువు. పిల్లల తరమువారికి తెలుగు కేవలము మాట. అట్టి యింట ఒక తెలుగు పుస్తకము నిలుచుటయు పోవుటయు చిన్న విషయము కాదు.

ఇట్టి పాఠకుడు సాహిత్యమునకు దూరముగా నున్నవాడనియు, వానికి సులభమైన పుస్తకములు పంపిన చాలుననియు తలచుట వాడుక. ఈ తలంపు సరికాదు. కొన్ని తెలుగు గ్రంథముల విషయమున రాజమహేంద్రవరమునందలి పండితునికంటె వరదానదీతీరమునందలి సామాన్యపాఠకుడే అధికారముగల సాక్షి. అందులకు నిదర్శనము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. నాగపూరు చాలును.

భండారు అచ్చమాంబ 1874లో జన్మించి, భర్త మాధవరావు ఉద్యోగరీత్యా మధ్యపరగణాలలో కాపురముండెను. ఆమె తమ్ముడు కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు అక్కయొద్దనే యుండి నాగపూరున చదువుకొనెను. బడికి పోని అక్క తమ్మునితో కూడ చదువు నేర్చి, హిందీ, మరాఠీ మున్నగు భాషల గ్రంథములను చదువగలిగినదయ్యెను. తమ్ముడు మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాయునంతటి ప్రౌఢి సంపాదించి, తెలుగున శివాజీ చరిత్రము వ్రాసెను. 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలికి ఆయనయే ప్రాణము. మండలి 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ‘అబ్రహాము లింకను చరిత్ర’తో ఆరంభించి, దేశచరిత్రలు, జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, చారిత్రక నవలలు ఒకే మాలలో గ్రుచ్చి పాఠకునకిచ్చెను. ఒకే చందాదారుడు ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రమును, వేలాల సుబ్బారావు ‘రాణీ సంయుక్త’ను ఒక వరుసలో చదివెను. కథను, శాస్త్రమును వేఱువేఱు అంతస్తుల పాఠకులకు పంచుట నేటి అలవాటు; ఆ మండలి అట్లు పంచలేదు. తెలుగువచనమునకు ఇంతటి విస్తృతి నిచ్చిన చూపు మరాఠీ సాహిత్యసహవాసమున నాగపూరులో పదునెక్కినదనుట అతిశయోక్తి కాదు. పొలిమేరయనగా అంచు మాత్రమే కాదు. రెండిండ్లకును తెఱచియుండు గుమ్మము కూడ.

అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ 1901లో గ్రంథరూపమున వెలువడెను. స్త్రీలు స్వభావముచేతనే అబలలు, అవివేకులు అను లోకాభిప్రాయమును ఖండించుట ఆమె ఉద్దేశము. చారిత్రక స్త్రీలు, వేదపురాణకాలపు స్త్రీలు, విదేశస్త్రీలు అని మూడు భాగములుగా తలపెట్టినది. 1905లోనే ఆమె మరణించుటచే తలపెట్టినంతయు పూర్తికాలేదు. అది కథ కాదు, వాదము. ఒక్కొక్క చరిత్రము ఒక్కొక్క సాక్ష్యము. చదువరికి ఇందు లోపముగా తోచునది యొకటి కలదు. సాక్షులందఱును ప్రసిద్ధులు, రాణులు, విదుషులు, వీరవనితలు. ఇరుగుపొరుగు స్త్రీని గూర్చి యడిగినవానికి రాణిని చూపినచో, ఆమె సంగతి వేఱని అతడు తప్పించుకొనగలడు.

ఆ సందును మూసినది 1902లో ‘హిందూసుందరి’లో వచ్చిన ఆమె కథ ‘ధనత్రయోదశి’. పేద గుమాస్తా యింట పండుగ వచ్చును. చేతిలో పైకము లేదు. యజమానుని సొమ్ముపై అతని మనస్సు పోవును. భార్య అతనిని మంచిదారికి త్రిప్పును. ఇంతియే కథ. రత్నమాల ప్రసిద్ధస్త్రీల పరంపరతో సాధింపజూచినదానిని ఈ కథ పేరుప్రతిష్ఠలు లేని ఒక యిల్లాలితో సాధించినది. ముగింపున మంచితనమునకు వెంటనే ప్రతిఫలము లభించుట కథకు బలము కాదు. దంపతుల సంభాషణమే బలము. కాని ఈ కథను గూర్చిన చర్చ చిరకాలముగా ఒక్క ప్రశ్న చుట్టునే తిరుగుచున్నది: తెలుగున తొలి కథ యిదియా, 1910 నాటి గురజాడవారి ‘దిద్దుబాటు’యా? తేదీని చదువువారు పెరిగి కథను చదువువారు తగ్గిరి.

ఇచటనే పొలిమేర పాఠకుని అభిప్రాయము పనికివచ్చును. కోస్తాంధ్రమున దీపావళికి పూర్వదినమైన నరకచతుర్దశికి గల ప్రాముఖ్యము ధనత్రయోదశికి ఆనాడు లేదు. మహారాష్ట్రమునందన్ననో వర్తకుల యిండ్లలో అది లక్ష్మీపూజకు నాంది. ఆనాడు వట్టిచేతులతో ఇంటికి పోవుట గుమాస్తాకు ఎంత సిగ్గో చంద్రపూరు బజారు ఎఱిగినవానికి ఒకరు చెప్పనక్కఱలేదు. కథలోని పండుగ అలంకారము కాదనియు, శోధనకు అదియే కారణమనియు అతడు వెంటనే గ్రహించును. ఈ గ్రహింపు విమర్శయే. దీనికి పరిభాష అక్కఱలేదు.

యాత్రాగ్రంథములలో ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ ఇట్టిదే. మదరాసు సుప్రీముకోర్టున దుబాసిగా నుండిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి, హైదరాబాదుమీదుగా గోదావరి దాటి నాగపూరు చేరి, కాశికి పోయి, 1831 సెప్టెంబరునకు తిరిగివచ్చెను. దారిలో వ్రాసిన లేఖలు 1838లో గ్రంథమయ్యెను. 1941లో దిగవల్లి వేంకటశివరావు దానిని పరిష్కరించి ప్రకటించెను. ఏ ఊర నీరు మంచిది, ఏ బజారున ఏ సరకు దొరకును, బాట యెక్కడ రాళ్లతో నిండినది, బోయీలు ఎక్కడ దొరకరు అను సంగతులను ఆయన విడువలేదు. సాహిత్యమునకై చదువువానికి ఇది విసుగు పుట్టించుననుట సత్యమే. కాని తెలంగాణమునుండి నాగపూరు దారిన ఏటేట పోయివచ్చువాడు ఈ గ్రంథమును తన ప్రయాణముతో సరిపోల్చి చదువును. వానికి ఇందలి జాబితాలే రసవత్తరములు. పుస్తకము బాగున్నదా అను ప్రశ్నకు, ఎవరికి బాగున్నది, ఏ పనికి బాగున్నది అను ఉపప్రశ్నలు లేనిదే సమాధానము లేదని ఈ యొక్క గ్రంథమే చూపును.

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడి, ఆయన మరణానంతరము 1955లో కేంద్రసాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన తొలి పురస్కారమును పొందినది. రాజుల వరుసలు విడిచి, జనులు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట కావ్యములనుండి ఏఱితెచ్చిన గ్రంథమది. ఇట్టిదానికి పాఠకుడు శ్రోత మాత్రమే కాడు. పుటలో మఱుగైనదని చెప్పబడిన ఆట తన ఊర పిల్లలు ఆడుచున్నచో, ఆ మాటను పుట ప్రక్కన వ్రాయుట వాని హక్కు. తెలుగునాటినుండి విడివడిన సీమలయందు పాతమాటలు, పాతవాడుకలు కొంతకాలము ఎక్కువగా నిలుచుట భాషావేత్తలెఱిగినదే. ఆ యొక్క వ్రాత పండితుని పదిపుటల ప్రశంసకంటె గ్రంథకర్తకు ప్రియమైనదగును. తెలంగాణమున కవులు లేరను మాటకు 354 మంది కవులను చూపి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించినవాడాయన, ఒక దురభిప్రాయమునకు కోపముతో గాక సేకరణముతో బదులు చెప్పినవాడు.

అనువాదముల విషయమున వాదమే అక్కఱలేదు. హరి నారాయణ ఆప్టే మరాఠీ నవల ‘పణ్ లక్షాంత్ కోణ్ ఘేతో’ను పాములపర్తి వేంకటనరసింహారావు ‘అబల జీవితము’ అను పేర తెనిగించెను. మూలమును, అనువాదమును రెండింటిని హాయిగా చదువగల తెలుగువాడు విజయవాడలో అరుదు. చంద్రపూరులో అరుదు కాడు. మూలమున నవల పేరే ఒక నిట్టూర్పు: ఎవరు పట్టించుకొందురు అని. తెలుగుపేరున ఆ నిట్టూర్పు పోయి విషయసూచన మిగిలినది. ఇట్టి లాభనష్టములను లెక్కవేయవలసినవాడు రెండుభాషల యింటివాడే.

అట్లని ఈ పాఠకుని అభిప్రాయమంతయు శిరోధార్యమనుట పొరపాటు. వానికి గల మొదటి లోపము, తెలుగై నంతమాత్రాన మెచ్చుట. పరాయిసీమలో కనబడిన తెలుగక్షరము చుట్టమువలె తోచును, చుట్టమును పరీక్షింపము. దీనివలన చేతికందిన ప్రతి పుస్తకమును గొప్పదే యగును, నిజముగా గొప్పదైనదానికి వేఱుగా చెప్పుటకు మాట మిగులదు. రెండవది పొలిమేర పాఠకునకే గాక తెలుగుపాఠకులందఱకును సామాన్యము: నవలలోని వ్యక్తిని పొరుగింటివానివలె తీర్పు తీర్చుట. చలము ‘మైదానము’ 1927లో వచ్చినది మొదలు రాజేశ్వరి భర్తను విడిచిపోవుట తప్పా ఒప్పా అను తగవే అభిప్రాయమై చెల్లుచున్నది. ఆ కథను ఆమె నోటనే చెప్పించుటలో రచయిత సాధించినదేమి, పోగొట్టుకొన్నదేమి అని అడిగినవారు కొలదిమంది. విశ్వనాథవారి ‘వేయిపడగలు’ విషయమున దీనికి తలక్రిందైన దోషము. అందు కథయే చదువక సిద్ధాంతమును మాత్రము చదివి మెచ్చువారును, దూషించువారును ఇరువురును సమానమే. వందల పుటల నవలలో సుబ్బన్నపేట పతనము నెమ్మదిగా సాగుట కొందఱికి విసుగు. ఊరు కదలక గీత కదలినచోట నివసించువానికి మాత్రము కోటయు గుడియు ఊరును ఒక్కటొక్కటిగా దిగజాఱు ఆ నడక అర్థము కాకపోదు.

పండితులును ఈ దోషమునకు అతీతులు కారు. వీరేశలింగము ‘రాజశేఖర చరిత్రము’ను విమర్శించుచు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గ్రంథమునే వ్రాసెను. తెలుగున నవలావిమర్శకు అది ఆదిదశ. తప్పులు వెదకుట అందు ప్రధానము. ఆ నవలను ఆనాడు వేడుకగా చదివిన గృహస్థులు ఏమనుకొనిరో వ్రాసియుంచినవారు లేరు. 1922లో వెలువడిన ‘మాలపల్లి’ని మదరాసు ప్రభుత్వము నిషేధించినపుడును అంతే. ప్రభుత్వము ఏమనుకొనెనో దస్త్రములయందు కలదు. చాటుగా చదివినవారు ఏమనుకొనిరో ఏ దస్త్రమునను లేదు.

పొలిమేర తెలుగుసంఘములు పండుగలకు సభలు చేయుచున్నవి, పుస్తకములు సేకరించుచున్నవి. ఇచ్చిన పుస్తకము తిరిగివచ్చునపుడు ఒక చీటీ అడుగుట కష్టము కాదు. అందు ‘బాగున్నది’ అను మాట తప్ప మఱేదైన వ్రాయవచ్చునను నియమ మొక్కటి చాలును: ఏ మాట తెలియలేదు, ఏ సంగతి తమ ఊర వేఱుగా నున్నది, ఎక్కడ చదువుట ఆపివేసిరి, ఎవరికి చదివి వినిపించిరి. తెలుగు లిపి రాని పిల్లవాడు విని చెప్పినదైనచో మరాఠీ లిపిలోనే వ్రాయనిండు. ‘ధనత్రయోదశి’ నిడివి స్వల్పము. ఒక సాయంకాలమున బిగ్గరగా చదివి ముగింపవచ్చును. మొదటి చీటీ దానిమీదనే రావచ్చును.