గేదె ముందే చెప్పింది

మునేరు పక్కన మా చేలో బోరు దగ్గర సిమెంటు తొట్టి ఒకటుండేది. పత్తి కట్టె పీకేశాక వేసవంతా గేదెలను అక్కడికే తోలుకెళ్లేవాళ్లం. ఒక మధ్యాహ్నం, మోటారు నడుస్తుండగా, మా చూడి గేదె దాహంతో గబగబా వచ్చి నీళ్లకు మూతి ఆనించిందో లేదో, తల విదిలించి నాలుగడుగులు వెనక్కి పోయింది. నాన్న తొట్టి కడిగి కొత్త నీళ్లు పట్టాడు. మళ్లీ అంతే. మూతి చాపడం, ముక్కుపుటాలు అదరడం, వెనక్కి తగ్గడం. నీళ్లలో ఏమన్నా పడిందేమోనని నాన్న దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని కూడా చూశాడు. బాగానే ఉన్నాయి. బురదలో రబ్బరు చెప్పు ఊడి, ఒట్టి కాలు నేలకు ఆనాక గానీ ఆయన చెయ్యి జివ్వుమనలేదు.

నందిగామ నుంచి వచ్చిన మెకానిక్ మెయిన్ ఆపేసి ఎర్తు వైరు పట్టుకుని లాగాడు. తుప్పు పట్టిన కొస ఊడి చేతిలోకొచ్చింది. మోటారులో లీకైన కరెంటు అందుకే నీళ్లలోకి వస్తోంది. "గేదె ముందే చెప్పింది కదా బాబాయ్, మీరు వినిపించుకోలేదు" అన్నాడు.

చెప్పులేసుకున్న మనిషికి తెలియనిది, తడినేల మీద నాలుగు గిట్టలతో నిలబడి తడిమూతి నీళ్లకు ఆనించిన గొడ్డుకు తెలుస్తుంది. మూతి నుంచి కాళ్లకు పోయే దారిలోనే దాని గుండె ఉంది. తీగ తెగిపడ్డ చేలోనూ గొడ్డుకే ముప్పు ఎక్కువ. తీగ పడ్డ చోటు నుంచి దూరం జరిగేకొద్దీ నేలలో వోల్టేజీ తగ్గుతూ పోతుంది. గేదె ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ నాలుగైదు అడుగుల ఎడం. ఆ ఎడంలో ఉన్న వోల్టేజీ తేడా అంతా దాని ఒంటి మీదే పడి, ఒంట్లోంచి కరెంటు పారుతుంది. మనం పాదాలు దగ్గరగా పెట్టుకుంటే ఆ తేడా కొద్దిగానే ఉంటుంది. అందుకే తెగిన తీగను చూసి పరుగెత్తకూడదు, పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ దూరం జరగాలి. 2016 ఆగస్టులో నార్వేలో ఒక్క పిడుగుకు 323 రెయిన్‌డీర్లు చచ్చిపోయాయి. నేలలో పాకిన కరెంటే వాటిని చంపిందని నిపుణులు చెప్పారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మా తొట్టే గుర్తొచ్చింది.

ప్రాణం తీయడానికి పెద్ద కరెంటు అక్కర్లేదు. పాత 60 వాట్ల బల్బు 260 మిల్లీ ఆంపియర్లు తీసుకునేది. ఒంట్లో ఒక్క మిల్లీ ఆంపియరు పారితేనే చిమచిమలాడుతుంది. పది, పదిహేను దాటితే వేళ్లు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదల్లేం. "కరెంటు లాగేసుకుంది" అంటారు గానీ బిగిసేది మన కండరమే. 50 దాటి కొన్ని సెకన్లు గుండె మీదుగా పారితే, గుండె కొట్టుకోవడం మాని ఊరికే వణుకుతుంది. 5 హార్స్‌పవర్ మోటారు ఏడెనిమిది ఆంపియర్లు తాగుతుంది కాబట్టి ఇంత చిన్న లీకేజీకి దాని ఫ్యూజు పోదు. ఫ్యూజు మోటారును కాస్తుంది. మనిషినీ గొడ్డునూ కాసేది మంచి ఎర్తు, దానికి తోడు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయి కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చి.

షాక్ కొట్టి పడిపోయినవాళ్ల చుట్టూ చేరి అరిచేతులు రుద్దుతూ కూర్చోవడం చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. కరెంటు ఆపాక, ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయించి, రొమ్ము నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూనే ఉండాలి. ఆ కొద్ది నిమిషాలు మళ్లీ రావు.

మాది నల్లరేగడి. ఎండలకు నెర్రెలిచ్చి, ఎర్తు పైపును మట్టి వదిలేస్తుంది. ఆనాడు మెకానిక్ మనిషి లోతు గుంట తవ్వించి, పైపు నిలబెట్టి, చుట్టూ వరసగా బొగ్గూ ఉప్పూ పోయించాడు. అప్పటి నుంచి అమ్మ గొడ్లకు నీళ్లు పెట్టినప్పుడల్లా ఆ గుంటలోనూ ఓ బిందెడు పోసేది.

ఇప్పుడు మాకు గొడ్లు లేవు. మొన్న చేనికి వెళ్లి గుంట మీది బండ జరిపి చూస్తే, లోపల మట్టి పైపును వదిలి వేలు దూరేంత పగిలి ఉంది. మూడు బకెట్లు పోశాను. మొదటి రెండూ గుటుక్కున దిగిపోయాయి. మూడోది ఇంకేదాకా అక్కడే నిలబడ్డాను.