బైబిలులో గాడిద - ప్రతీకార్థ పరిశీలన

సాహిత్యంలో ఏ ప్రతీకకూ స్వతంత్రమైన అర్థం ఉండదు. ఒక వస్తువును కవి దేని పక్కన నిలిపాడు, దేనికి ఎదురుగా నిలిపాడు అన్నదాన్ని బట్టి దాని అర్థం ఏర్పడుతుంది. తెలుగు చదువుకొన్న వారిలో చాలామందికి సాహిత్యంలో గాడిద మొదట పరిచయమయ్యేది వేమన పద్యంలో. అక్కడ గాడిదపాలను ఆవుపాలకు ఎదురుగా నిలిపాడు కవి. కాబట్టి రాశి ఉండి వాసి లేనిదానికి గాడిద గుర్తు అయింది. వాడుకలోనూ అంతే. 'గాడిద చాకిరి' అంటే గుర్తింపు లేని శ్రమ. 'గాడిదకేం తెలుసు గంధపు వాసన' అంటే రసజ్ఞత లేకపోవడం. మన విద్యార్థులు నిత్యం వినే పొరుగు భాషల్లోనూ పరిస్థితి వేరుగా లేదు. కన్నడంలో కత్తె, తమిళంలో కళుదై, మరాఠీలో గాఢవ, ఒడియాలో గధ - మనిషికి వాడితే అన్నీ తిట్లే.

ఈ అర్థాన్నే వెంటబెట్టుకొని బైబిలు చదివితే ఒక చిక్కు వస్తుంది. యేసు గాడిదనెక్కి యెరూషలేములో ప్రవేశించిన ఘట్టాన్ని మట్టల ఆదివారంనాడు చర్చిలలో చదువుతారు. దీనికి సాధారణంగా వినిపించే వ్యాఖ్యానం ఒకటుంది. రాజులు గుర్రాలెక్కుతారు, ఆయన మాత్రం అల్పమైన జంతువునెక్కి తన్ను తాను తగ్గించుకొన్నాడు అని. ఈ వ్యాఖ్యానం తప్పు అనలేము గాని, ఇది సగమే. రెండవ సగం తెలియాలంటే ఆ గ్రంథంలో గాడిదకు ఎదురుగా నిలిచిన జంతువు ఏదో చూడాలి. అది ఆవు కాదు, గుర్రం.

ముందుగా ఆ సమాజంలో గాడిద స్థానాన్ని గమనించాలి. పాత నిబంధనలో అది ఇంటి సంపద. యోబుకు కష్టాలకు ముందు 500 ఆడగాడిదలు, కష్టాలు తీరిన తరువాత 1,000 ఉన్నాయని చెప్పడం అతని ఐశ్వర్యాన్ని కొలవడానికే. పొరుగువాని సొత్తును ఆశించరాదన్న పదవ ఆజ్ఞలో ఎద్దుతో పాటు గాడిద పేరు ఉంది. విశ్రాంతి దినం మనిషికే గాక ఎద్దుకూ గాడిదకూ కూడా వర్తిస్తుందని నిర్గమకాండం శాసిస్తుంది. శత్రువు గాడిద బరువు కింద పడిపోయి కనిపించినా సాయపడక తప్పదని అదే కాండం చెబుతుంది. ఇక్కడ గాడిద మనిషి నీతికి పరీక్షగా నిలుస్తున్నది. పగ మనుషుల మధ్య ఉండవచ్చు, దాని భారం మూగజీవి మోయరాదు అన్నది ఈ విధి సారాంశం.

పెద్దలు స్వారీ చేసే వాహనం కూడా ఇదే. న్యాయాధిపతుల గ్రంథంలో అబ్దోను అనే న్యాయాధిపతికి 40 మంది కొడుకులు, 30 మంది మనుమలు. వారు 70 గాడిదలపై తిరిగేవారని గ్రంథకర్త ప్రత్యేకంగా పేర్కొన్నాడు. మన చెవికి ఇది హాస్యంగా తోచవచ్చు గాని, ఆనాటి పాఠకునికి అది హోదా. తండ్రి గాడిదలు తప్పిపోతే వెతకడానికి బయలుదేరిన సౌలు చివరకు రాజ్యాన్నే పొందాడు. ఇశ్రాయేలు రాచరికపు కథ తప్పిపోయిన గాడిదలతో మొదలుకావడం ఆలోచింపదగిన విషయం.

ఇక గుర్రం సంగతి. అది ప్రధానంగా యుద్ధానికి, రథానికి, సామ్రాజ్యానికి సంబంధించినది. రాజు గుర్రాలను విస్తారంగా సంపాదించరాదని ద్వితీయోపదేశకాండం హెచ్చరించింది. దావీదు తన కొడుకు సొలొమోనును పట్టాభిషేకానికి తన సొంత కంచరగాడిదపై ఎక్కించి పంపాడు. ఇక్కడ విద్యార్థులు ఒక భాషా విషయం గుర్తుంచుకోవాలి. కంచరగాడిద గుర్రానికీ గాడిదకూ పుట్టిన సంకరజాతి జంతువు. హీబ్రూలో దానికి వేరే పేరు ఉంది. తెలుగు సమాసం వల్ల మాత్రమే అందులో గాడిద వినిపిస్తుంది. అయినా అది యుద్ధాశ్వం కాదన్నది ముఖ్యం. అలా సింహాసనమెక్కిన సొలొమోనే తరువాత 1,400 రథాలను, 12,000 మంది రౌతులను సమకూర్చుకొన్నాడు. ఆజ్ఞకూ ఆచరణకూ మధ్య ఏర్పడిన ఈ దూరాన్ని చూపడానికి ఆ అంకెలే చాలు.

ఈ నేపథ్యంలో జెకర్యా ప్రవచనం తొమ్మిదవ అధ్యాయాన్ని చదవాలి. రాబోయే రాజు గాడిదపిల్లనెక్కి వస్తాడన్నది తొమ్మిదవ వచనం. దానిని అందరూ ఉదాహరిస్తారు. పదవ వచనాన్ని ఉదాహరించేవారు తక్కువ. ఎఫ్రాయిములో రథాలు, యెరూషలేములో గుర్రాలు, యుద్ధపు విల్లు ఇక ఉండవనీ, ఆ రాజు జనాలకు సమాధానాన్ని ప్రకటిస్తాడనీ అందులో ఉంది. రెండు వచనాలనూ కలిపి చదివినప్పుడు గాడిద కేవలం వినయానికి గుర్తుగా మిగలదు. ఆయుధం లేని రాజ్యాధికారానికి గుర్తు అవుతుంది. వినయం ఒక వ్యక్తి గుణం, నిరాయుధత ఒక పాలన స్వభావం. ప్రవక్త మాట్లాడుతున్నది రెండవదానిని గురించి కూడా.

ప్రచారంలో ఉన్న పాత తెలుగు బైబిలులో జెకర్యా గ్రంథంలోని రాజు 'దీనుడు'. అదే ప్రవచనాన్ని మత్తయి తన సువార్తలో ఉదాహరించినచోట ఆ రాజు 'సాత్వికుడు'. ఈ తేడా అనువాదకుల పొరపాటు కాదు. హీబ్రూలో ఉన్న 'అనీ' అనే మాటకు పేదవాడు, అణగారినవాడు అనే అర్థచ్ఛాయలున్నాయి. క్రీస్తుకు పూర్వం హీబ్రూ గ్రంథాలను గ్రీకులోకి మార్చినవారు అక్కడ 'ప్రఉస్' అనే మాట వేశారు. అది మృదువైనవాడు, సౌమ్యుడు అని చెబుతుంది. మత్తయి ఆ గ్రీకు మాటనే తీసుకొన్నాడు. సత్త్వగుణం నుంచి వచ్చిన తెలుగు మాట మరొక ఛాయను చేర్చింది. మన సంప్రదాయంలో రాజుకు రజోగుణాన్ని చెప్పడం అలవాటు. సాత్వికుడైన రాజు అన్నప్పుడు ఆ రెండు మాటల మధ్య పుట్టే ఘర్షణ మూలభావానికి దూరమైనది కాదు.

మత్తయి కథనంలో మరొక విశేషముంది. మార్కు, లూకా ఒక్క గాడిదపిల్లనే చెప్పారు. మత్తయి తల్లినీ పిల్లనూ రెండింటినీ తెప్పించాడు. హీబ్రూ కవిత్వంలో ఒకే భావాన్ని రెండు పాదాల్లో మాట మార్చి చెప్పే పద్ధతి ఉంది. జెకర్యాలో గాడిద, గాడిదపిల్ల అని రెండుసార్లు రావడానికి కారణం ఇదే. మత్తయి ఈ పద్ధతిని గ్రహించలేదని కొందరు విమర్శకులు అన్నారు. నా దృష్టిలో ప్రవచనంలోని ప్రతి మాటా కళ్ళముందు జరిగినట్లు చూపాలన్న పట్టుదలే ఇందులో ప్రధానం. మార్కు పద్ధతి వేరు. అతడు ప్రవచనాన్ని ఉదాహరించడు. కట్టివేసిన పిల్ల, దానిని విప్పడం అనే విషయాన్ని మాత్రం మళ్ళీ మళ్ళీ చెబుతాడు. ఆదికాండంలో యాకోబు యూదాను దీవిస్తూ గాడిదపిల్లను ద్రాక్షావల్లికి కట్టేవాడని వర్ణించిన మాటను తెలిసిన పాఠకునికి అది గుర్తు రాక మానదు. ద్రాక్షతీగకు గాడిదను కడితే అది తీగను మేసేస్తుంది. మేసినా లోటు లేనంత సమృద్ధి అన్నది ఆ దీవెనలోని ధ్వని.

ప్రతీకగా గాక పాత్రగానే గాడిద నిలిచిన కథ సంఖ్యాకాండంలో ఉంది. మోయాబు రాజు బాలాకు పిలుపుపై ఇశ్రాయేలును శపించడానికి బయలుదేరిన బిలాము దివ్యదృష్టి గలవాడని పేరు. దారిలో కత్తి దూసి నిలిచిన దేవదూత అతనికి కనిపించలేదు, అతని గాడిదకు కనిపించింది. మొదటిసారి అది పొలంలోకి తప్పుకొంది. రెండవసారి గోడల మధ్య ఇరుకులో అతని కాలు నొక్కుకొంది. మూడవసారి తిరగడానికి చోటు లేక కూలబడింది. మూడుసార్లూ దెబ్బలు తిన్నది. చోటు తగ్గుతున్నకొద్దీ కోపం పెరగడం ఈ కథనంలోని శిల్పం. చేతిలో కత్తి ఉంటే నిన్ను చంపేవాణ్ణని బిలాము అంటాడు. కత్తి అతని ఎదురుగానే ఉంది, కాని అతని మీదికి దూసి ఉంది. బైబిలులో మాట్లాడే జంతువులలో ఏదెను తోటలోని సర్పం ఒకటి, ఈ గాడిద ఒకటి. సర్పం మాటలు మోసానికి పనికివచ్చాయి. గాడిద మాత్రం ఎన్నడైనా నీకిలా చేశానా అని అడిగింది, అంతే. లేదని ఒప్పుకోక తప్పలేదు బిలాముకు. చాకిరి చేసేవాని విశ్వసనీయత యజమాని జ్ఞానాన్ని ఓడించిన సన్నివేశం ఇది.

అయితే గాడిద ప్రతీక అంతటా గౌరవప్రదమేనని చెప్పడం సత్యం కాదు. అదే యాకోబు ఇశ్శాఖారును బలమైన గాడిదతో పోల్చి, సుఖానికి ఆశపడి వెట్టికి లొంగినవానిగా వర్ణించాడు. యెహోయాకీము రాజుకు గాడిదను పాతిపెట్టినట్లు అంత్యక్రియ జరుగుతుందని యిర్మీయా శపించాడు. ఊరి బయట ఈడ్చి పారవేయడమని దాని అర్థం. ప్రకటన గ్రంథం చివర విజేత తెల్లని గుర్రంపై వస్తాడు, గాడిదపై కాదు. ఈ ఉదాహరణలను దాచిపెట్టి ఒకే అర్థాన్ని నిలబెట్టడం విమర్శ కాదు. గాడిద నుంచి గుర్రానికి జరిగిన ఈ మార్పు శాంతి భావనతో ఎలా పొసుగుతుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

గ్రంథం దాటి బయటికి వస్తే ప్రతీక ఎంత త్వరగా తలక్రిందులవుతుందో రోము చూపుతుంది. పాలటైన్ కొండపై 1857లో బయటపడిన ఒక గోడగీతలో సిలువపై గాడిద తల గల మనిషి, అతనికి మొక్కుతున్న మరొక మనిషి ఉన్నారు. అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడన్న అర్థంలో గ్రీకు మాటలున్నాయి. క్రైస్తవుణ్ణి వెక్కిరించడానికి గీసిన బొమ్మ అది. గీసినవానికి గాడిద అంటే మనకు తెలిసిన గాడిదే. యెరూషలేము వీధిలో రాజ్యాన్ని సూచించిన జంతువు రోము గోడమీద తిట్టుగా మారింది. జంతువు మారలేదు, దాని చుట్టూ ఉన్న మాటల ప్రపంచం మారింది.

రెండు మూడు భాషల మధ్య పెరిగే మన విద్యార్థులకు ఈ విషయంలో ఒక సౌకర్యముంది. జెకర్యాలో 'దీనుడు', మత్తయిలో 'సాత్వికుడు' అని తెలుగులో ఉన్నచోట కన్నడ, తమిళ, మరాఠీ, ఒడియా బైబిళ్ళలో ఏ మాటలున్నాయో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఏ భాష పేదరికాన్ని ఎన్నుకొంది, ఏ భాష సౌమ్యతను ఎన్నుకొంది, రెండు చోట్లా ఒకే మాట వేసినవి ఏవి అన్నది పరిశీలిస్తే, గాడిదపై వచ్చిన ఆ రాజు ఒక్కొక్క భాషలో ఎలాంటి రాజుగా కనిపిస్తున్నాడో తేలుతుంది.