పాత ధ్వని సంపీడకాల పట్టువిడుపులు

గాయకుడు మెల్లగా ఆరంభించి ఒక్కసారిగా గొంతెత్తితే, ఆ తేడాను గ్రామఫోను రికార్డుగాని టేపుగాని పూర్తిగా మోయలేదు. మెల్లని స్వరం గరగరలో మునిగిపోతుంది. పెద్ద స్వరం వికృతమవుతుంది. ఈ రెంటి నడుమ దూరాన్ని తగ్గించే సాధనమే కంప్రెసరు. దీనిని ధ్వని సంపీడకమనవచ్చును. విద్యార్థులు ఇక్కడ ఒక పొరపాటు పడే అవకాశమున్నది. ధ్వని తరంగం గాలిలో పోయేటపుడు ఏర్పడే సంపీడనాలను గురించి పాఠాలలో చదువుకుంటారు గదా, వాటికీ దీనికీ సంబంధం లేదు. ఈ సాధనం తగ్గించేది విద్యుత్సంకేతపు కంపన పరిమితిని. సంకేతం ఒక హద్దు దాటినపుడు వర్ధనాన్ని అణచిపడుతుంది. హద్దులోకి వచ్చిన తరువాత వదలుతుంది. అణచడానికి పట్టే కాలాన్ని పట్టు అనీ, వదలడానికి పట్టే కాలాన్ని విడుపు అనీ అందాం.

ఈ జాతిలో మూడు అమెరికన్ సాధనాలకు నేటికీ విశేషమైన పేరున్నది: ఫెయిర్‌చైల్డ్ 670, టెలిట్రానిక్స్ ఎల్‌ఏ-2ఏ, 1176. మొదటి రెంటిలో వాల్వులున్నవి. మూడవది ట్రాన్సిస్టర్లతో పనిచేస్తుంది. వీటిని పోల్చేవారు వాల్వు ధ్వని వెచ్చన, ట్రాన్సిస్టరు ధ్వని కరుకు అని రెండు మాటల్లో తేల్చివేయడం పరిపాటి. ఈ తీర్పు వినడానికి బాగున్నా, పరీక్షకు నిలువదు.

కాలిఫోర్నియాలో జిమ్ లారెన్స్ రూపొందించిన ఎల్‌ఏ-2ఏ సంగతే చూడండి. అందులో వాల్వుల పని వర్ధనం మాత్రమే. ధ్వనిని అణచేది వెలుతురు! లోపల ఒక చిన్న డబ్బాలో, విద్యుత్తు సోకితే వెలిగే ఫలకమూ దానికెదురుగా కాడ్మియం సల్ఫైడు నిరోధమూ ఉంటాయి. సంకేతం పెరిగినకొద్దీ ఫలకం ప్రకాశిస్తుంది. వెలుగు పడిన నిరోధం విలువ తగ్గి, సంకేతంలో కొంత భాగాన్ని పక్కదారి పట్టిస్తుంది. దీని పట్టు సుమారు 10 మిల్లీసెకన్లు. విడుపు మాత్రం రెండంచెలు. సగం దాకా 60 మిల్లీసెకన్లలో కోలుకొని, మిగతా సగానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ఎక్కువసేపు గట్టి వెలుగులో ఉన్నట్లయితే ఆలస్యం మరింత హెచ్చు. మిట్టమధ్యాహ్నపు ఎండలోనుండి చీకటి గదిలోకి వచ్చినవానికి వస్తువులు ఒక్కొక్కటిగా కనబడడం వంటిదే ఇదీను. గాత్రం ఈ సాధనంలో ఒత్తిడి తెలియకుండా సాఫీగా వినబడడానికి ఈ నిదానమే ముఖ్యకారణం. వాల్వులకు దక్కుతున్న మెప్పులో పెద్ద వాటా ఆ నిరోధానికి చెందవలసినది.

ఫెయిర్‌చైల్డ్‌లో నిజంగా వాల్వులే ధ్వనిని అణచుతాయి. గ్రిడ్డుకిచ్చే ఋణ వోల్టేజి హెచ్చితే వాటి వర్ధనం తగ్గుతుంది. ఎస్టోనియాలో పుట్టిన రైన్ నార్మా దీనికి రూపకర్త. 20 వాల్వులు, దాదాపు 30 కిలోల బరువు! వాల్వులు సరి అనుస్వరాలను చేర్చడం వల్లనే ధ్వనికి తీపి వస్తుందని చెప్పేవారు దీని వలయాన్ని పరిశీలించడం మంచిది. ఇందులో వాల్వులు జంటలుగా ఎదురెదురు పనిచేస్తాయి. జంట చక్కగా కుదిరితే సరి అనుస్వరాలు పరస్పరం రద్దవుతాయి. పోనీ, మందకొడి యంత్రమా అంటే అదీ కాదు. దీని పట్టు 0.2 మిల్లీసెకన్ల దాకా తగ్గుతుంది, విడుపు 0.3 సెకన్ల నుండి 25 సెకన్ల వరకు ఉన్నది. 1966లో లండన్ ఇ.ఎమ్.ఐ. స్టూడియోలో బీటిల్స్ బృందపు డ్రమ్ములకు దీని తమ్ముడైన 660ను వాడారు. దెబ్బను అణచి, వెంటనే వదలడంతో, దెబ్బ వెనుకనున్న మ్రోత పైకి ఉబికివస్తుంది. ఆ డ్రమ్ములను వెచ్చన అని ఎవరూ అనరు.

ఇక 1967లో బిల్ పుట్నమ్ తెచ్చిన 1176 పట్టు 20 నుండి 800 మైక్రోసెకన్లు. 20 మైక్రోసెకన్లలో ధ్వని గాలిలో 7 మిల్లీమీటర్లు కూడా నడవదు. దీని విడుపు కనిష్ఠంగా 50 మిల్లీసెకన్లు. సెకనుకు 50 కంపనాల మంద్రస్వరంలో ఒక్కొక్క కంపనానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. కనుక అతివేగపు అమరికలో ఈ సాధనం ఒక కంపనం పూర్తికాకముందే వర్ధనాన్ని మార్చి తరంగం ఆకారాన్నే చెరుపుతుంది. కరుకుదనం పుట్టేది అక్కడ. ట్రాన్సిస్టరును మార్చకుండా విడుపును నిదానిస్తే ఆ కరుకు చాలావరకు అణగుతుంది. దీని మరలను కుడికి తిప్పినకొద్దీ వేగం హెచ్చుతుంది. ఆ సంగతి తెలియక తలక్రిందుగా అమర్చి తీర్పు చెప్పినవారూ లేకపోలేదు.

వినేటపుడు మరొక చిక్కున్నది. సంపీడకం తరువాత ధ్వనిని మళ్ళీ పెంచడం ఆచారం. ఆ పెంపులో ఒకటి రెండు డెసిబెల్‌ల తేడా ఉన్నా చెవి మోసపోతుంది. తీవ్రత హెచ్చినకొద్దీ మంద్రస్వరాలు సాపేక్షంగా నిండుగా వినబడతాయని ఫ్లెచర్, మన్సన్‌లు 1933లోనే చూపారు. అందువలన బిగ్గరగా ఉన్న సాధనమే మేలైనదిగా తోస్తుంది. తీవ్రతలను మీటరుతో సమం చేసి, ఏది ఏ సాధనమో చెప్పకుండా వినిపించిన పోలికకే విలువ. అపుడు కూడా ఆ తీర్పు ఎదుటనున్న పెట్టెకే వర్తిస్తుంది. కాడ్మియం సల్ఫైడు నిరోధాలు వయస్సుతో మారుతాయి గనుక రెండు ఎల్‌ఏ-2ఏలు ఒకే తీరుగా ఉండవు.

రికార్డింగు ఇంజనీర్లు గాత్రానికి తరచు ఈ రెంటినీ వరుసగా కలుపుతారు. ముందు 1176 క్షణికమైన శిఖరాలను తుంచుతుంది. మిగిలిన నిదానపు హెచ్చుతగ్గులను ఎల్‌ఏ-2ఏ చూసుకుంటుంది.