వేరే భాష లేని గది

1913లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల కోసం ఒక పరీక్ష పెట్టింది. అనువాదం, వ్యాసం, వ్యాకరణం, ఉచ్చారణ, సంభాషణ అన్నీ కలిపి పన్నెండు గంటలు. రాసినవాళ్లు ముగ్గురు. ముగ్గురూ తప్పారు.

ఇవాళ ఊరూరా కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కనిపించే ఐఈఎల్‌టీఎస్ పరీక్ష 1989లో మొదలైంది. దాన్ని నడిపే మూడు సంస్థల్లో కేంబ్రిడ్జ్ కూడా ఒకటి. ముగ్గురితో మొదలైన వ్యవహారం ఇప్పుడు లక్షలమంది విమాన టికెట్టును శాసిస్తోంది. వాళ్లలో కర్ణాటకలోని కోలారు జిల్లా పిల్లలూ ఉన్నారు.

నిజానికి ఈ జిల్లాలోని కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు కేంబ్రిడ్జ్ పేరు కొత్తది కాదు. 1880లో గనుల్లోకి దిగిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ, 1901లో నందిదుర్గ్ గని దగ్గర తన దొరల పిల్లల కోసం ఒక ఇంగ్లీషు బడి తెరిచింది. అది క్రమంగా హైస్కూలైంది. పిల్లలు అక్కడినుంచే సీనియర్ కేంబ్రిడ్జ్ పరీక్ష రాసేవారు. 1904లో సెయింట్ జోసెఫ్ ఆఫ్ టార్బ్ సిస్టర్లు యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఆడపిల్లలకు మరో బడి పెట్టారు. పెంకుల బంగళాలు, క్లబ్బు, చర్చి, ఇంగ్లీషు బడి: ఇంగ్లండును ముక్కలుగా తెచ్చి ఎర్రమట్టి మీద పేర్చినట్టుండేది. ‘లిటిల్ ఇంగ్లండ్’ అన్న పేరు ఊరికే రాలేదు.

అయితే ఆ బడి గేటు అందరికీ తెరుచుకోలేదు. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాల నుంచి వచ్చి కూలీ లైన్లలో కాపురం పెట్టిన తెలుగువాళ్లకూ, తమిళులకూ ఇంగ్లీషు ఎక్కువగా హుకుంగానే వినిపించింది. షాఫ్టు, షిఫ్టు, స్కిప్పు, బ్లాస్టింగ్ లాంటి మాటలన్నీ పనితోపాటే నాలుకకెక్కాయి. కానీ హుకుం వినేవాడికి తిరిగి మాట్లాడే పని ఉండదు. తలూపితే సరిపోతుంది. అర్థమవుతుంది, నోరు పెగలదు అని మన పిల్లలు ఇప్పటికీ చెప్పుకునే బాధకు ఈ జిల్లాలో ఇంత పాత చరిత్ర ఉంది.

ఆ గేటు దాటకుండానే ఇంగ్లీషును చేజిక్కించుకున్నవాళ్లూ లేకపోలేదు. 1887లో ఇదే జిల్లా ముళబాగిలులో పుట్టిన డి.వి.గుండప్ప మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. బతుకుతెరువు వెతుక్కుంటూ కొంతకాలం కేజీఎఫ్‌లో ఒక సోడా ఫ్యాక్టరీలో పనిచేశారు. తరవాత బెంగళూరు చేరి పత్రికలకు రాస్తూ రాస్తూ, చివరికి ‘కర్ణాటక’ పేరుతో ఇంగ్లీషు పత్రికనే నడిపారు. కన్నడిగులు ‘డీవీజీ’ అని తలుచుకునే ఆ పెద్దమనిషికి ఇంగ్లీషు నేర్పింది డిగ్రీ కాదు, ఎప్పటికప్పుడు పత్రికకు ఇవ్వాల్సిన రాత. గడువు ముంచుకొస్తుంటే తప్పించుకునే దారి ఉండదు.

తప్పించుకునే దారి అన్న ఈ మాటలోనే విషయమంతా ఉంది.

కోలారు ఏపీఎంసీ టమాటా మార్కెట్లో పొద్దున వేలం వేళ ఒక్క మండీ గుమాస్తా పక్కన నిలబడి వింటే చాలు. శ్రీనివాసపురం రైతు కనపడితే “ఏమన్నా, ఈ పొద్దు ఎన్ని బాక్సులు?” అని తెలుగు. బాక్సులు మోసే హమాలీతో కన్నడం. చెన్నై లోడుకు వచ్చిన డ్రైవరుతో తమిళం. ఉత్తరాది వ్యాపారికి ఫోన్లో హిందీ. 15 కిలోల బాక్సు రైతు చేతినుంచి లారీ ఎక్కేలోపు నాలుగు భాషలు మారతాయి. ఎవరూ దీన్ని గొప్పగా అనుకోరు. మూడు రాష్ట్రాలు కలిసే ఈ మూలలో ఇది అందరికీ ఉన్న విద్యే. కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట వీధుల్లో దీనికి ఉర్దూ కూడా తోడవుతుంది.

ఇదే విద్య ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి అడ్డుపుల్ల అవుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎక్కడైనా తట్టుకుంటే కోలారు కుర్రాడు క్షణంలో కన్నడంలోకి దూకేస్తాడు. ఎదుటివాడు తెలుగువాడైతే ఆ మాత్రం శ్రమ కూడా అక్కర్లేదు. ఇంగ్లీషు మీడియంలో ఇంటర్, బెంగళూరులో ఇంజినీరింగ్, అన్నీ అయిపోతాయి. పాఠం ఇంగ్లీషులో, సందేహం కన్నడంలో, కబుర్లు తెలుగులో. ఒక్క వాక్యాన్నయినా చచ్చినట్టు ఇంగ్లీషులోనే పూర్తిచేయాల్సిన అవసరం రాదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మారికుప్పం రైలెక్కి రోజూ బెంగళూరుకు పరుగెత్తిన కేజీఎఫ్ కుర్రకారులో కాల్ సెంటర్లలో చేరినవాళ్లకు ఆ అవసరం వచ్చింది. ఫోన్లో అవతలి మనిషికి తెలుగూ రాదు, తమిళమూ రాదు. వాళ్ల నోటికి పదును పెట్టినదాంట్లో ట్రైనింగ్ క్లాసుకంటే ఆ ఫోనుకే ఎక్కువ వాటా ఇవ్వాలి.

విదేశాల్లోని భాషా పాఠశాల అచ్చంగా అమ్మేది ఈ అవసరాన్నే.

బ్రైటన్, డబ్లిన్, సిడ్నీ, మాల్టా... ఎక్కడి బడి చూసినా తరగతి దాదాపు ఒకలాగే ఉంటుంది. పదీ పదిహేనుమంది. జపాను, బ్రెజిల్, కొరియా, సౌదీ, తుర్కియే, కొలంబియా. మనవాళ్లు అక్కడ తక్కువ. కారణం తేలికే. మన పట్టభద్రుడు ఇంగ్లీషు మీడియం సర్టిఫికెట్టుతోనో, ఐఈఎల్‌టీఎస్ మార్కుతోనో నేరుగా ఎమ్మెస్సీలో చేరతాడు. అరమార్కు తగ్గినవాళ్లను మాత్రం బ్రిటన్ విశ్వవిద్యాలయాలు ‘ప్రీసెషనల్’ అనే వేసవి కోర్సుకు పంపుతాయి. కొన్ని వారాలు అక్కడ గట్టెక్కితేనే అసలు చదువు. అలా వెళ్లే చిత్తూరు, కోలారు పిల్లలు మొదటిరోజు తరగతి చూసి కాస్త నీరసపడతారు. ఇంగ్లీషువాళ్ల మధ్య ఇంగ్లీషు నేర్చుకుందామని వస్తే, గదిలో ఇంగ్లీషు మనిషి పాఠం చెప్పే టీచరొక్కరే!

రెండోరోజుకు అసలు సంగతి తెలుస్తుంది.

ఈ బడుల్లో పాతకాలం నుంచీ ఉన్న ఒక అభ్యాసం చూడండి. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో ఒక పుస్తకాన్ని నిలువుగా నిలబెడతారు. ఒకరి దగ్గర వంటగది బొమ్మ, రెండోవాళ్ల దగ్గర తెల్లకాగితం. బొమ్మ ఉన్నవాళ్లు చెప్పాలి, కాగితం ఉన్నవాళ్లు గీయాలి. చూపించకూడదు, చేతులు తిప్పకూడదు. ముళబాగిలు కుర్రాడికి బొమ్మ, జపాను అమ్మాయికి పెన్సిలు వచ్చాయనుకుందాం. మనవాడు గడగడా మొదలుపెడతాడు. అల్మారా ఉంది, ఆ పక్కన బల్ల ఉంది, పైన ఏవో గిన్నెలున్నాయి. పెన్సిలు కదలదు. ఏ పక్కన? కిటికీకి కుడివైపా, ఎడమవైపా? గోడకు ఆనించా, నడిమధ్యనా? గిన్నెలు ఎన్ని? ఆమె వాక్యాలు పొట్టివి, ఆగి ఆగి వస్తాయి, కానీ ఒక్కోటీ సూదిలా గుచ్చుకుంటుంది. ఇంట్లో అయితే “అదిగో, ఆ పక్కన” అంటే సరిపోయేది. ఇక్కడ ‘అదిగో’కు విలువ లేదు. తెలుగులోకి దూకితే పట్టుకునే చెయ్యి లేదు. మొట్టమొదటిసారి ఆ వాక్యాన్ని అతనే ఒడ్డుకు చేర్చాలి.

ఆ బల్ల దగ్గర మనవాడి లోపాలు మూడు బయటపడతాయి. ఒకటి వేగం. తడబాటును కప్పిపుచ్చుకోడానికి మనవాళ్లు దూకుడు పెంచుతారు, దాంతో మాటలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. రెండోది ఊనిక. ఇంగ్లీషులో ఒక అక్షరాన్ని ఒత్తి పక్కదాన్ని మింగేస్తారు, మనం అన్నిటికీ సమంగా బరువు పంచుతాం. మూడోది మాట చివర అచ్చు. దీంట్లో మాత్రం మనవాడికి మంచి తోడు దొరుకుతుంది. బస్సు, కప్పు, స్కూలు అంటూ హల్లు వెనక అచ్చు తగిలించడం తెలుగువాడి సొత్తే కాదు. జపానువాళ్లదీ అదే అలవాటు, బ్రెజిల్‌వాళ్లదీ అదే. ‘ఏ’, ‘ది’ ఎక్కడ పెట్టాలో తెలియక కొరియావాడు జుట్టు పీక్కుంటుంటే, ఆ బాధ తెలుగువాడికి కొత్తగా ఏమీ ఉండదు. రెండు భాషల్లోనూ ఆ ముక్కలు లేవు. తన తప్పు తన ఊరి వెనకబాటు వల్ల వచ్చింది కాదు, తన భాష కట్టుబాటు వల్ల వచ్చింది అని తెలిసిన రోజున సిగ్గు సగం పోతుంది. సిగ్గు పోయినవాడే మాట్లాడతాడు.

కోచింగ్ సెంటరు ఇవ్వలేనిది ఇదే. ఐఈఎల్‌టీఎస్ మౌఖిక పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మధ్యలో ఒక కార్డు ఇస్తారు. ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. మన సెంటర్లు ఆ కార్డులకు జవాబులు వల్లె వేయిస్తాయి. వల్లెవేసిన జవాబును పసిగట్టడం పరీక్షకుల శిక్షణలో భాగం. ‘మీకు నచ్చిన ప్రదేశం’ అని అడగ్గానే నోట్లోంచి తాజ్‌మహల్ పాలరాయి ధారగా కారుతుంటే ఎవరికి అనుమానం రాదు? మన జిల్లాలోని కోటిలింగేశ్వర గుడి గురించో, అంతరగంగ కొండ గురించో తడుముకుంటూ చెప్పినా అది సొంత మాట అవుతుంది.

పొరుగు జిల్లా పెద్దాయన కథ ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. చిత్తూరు దగ్గర కట్టమంచిలో 1880లో పుట్టిన కట్టమంచి రామలింగారెడ్డి 1902లో కేంబ్రిడ్జ్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీకి వెళ్లారు. అప్పటికే మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఇంగ్లీషు బాగా చదివినవారు. కేంబ్రిడ్జ్‌లో ఆయన ఎక్కిన బడి యూనియన్ చర్చావేదిక. ఎదుటివాడు లేచి కాదంటే అక్కడికక్కడే జవాబు చెప్పాలి. ఆ వేదికకే ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. తిరిగొచ్చాక మైసూరు సంస్థానంలో విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేశారు. అంటే కోలారు బడులూ ఆయన అజమాయిషీలోవే. ఇంగ్లీషు అంత బాగా పట్టుబడిన ఆ మనిషే 1914లో తెలుగులో ‘కవిత్వతత్త్వ విచారము’ రాశారు. ఒక భాష పెరగాలంటే ఇంకోటి తరగాలన్న నియమమేమీ లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంగ్లీషు కోసం సముద్రాలు దాటాల్సిన పని కూడా అందరికీ లేదు. హైదరాబాదు తార్నాకలో 1958లో పెట్టిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. భారత ప్రభుత్వ శిక్షణ పథకాల కింద మధ్య ఆసియా నుంచీ, ఆఫ్రికా నుంచీ ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఇంగ్లీషు నేర్చుకోడానికి అక్కడికి వస్తారు. వాళ్లకు తార్నాకే విదేశం. తాష్కెంటు మనిషీ ఇథియోపియా మనిషీ క్యాంటీన్లో టీ తాగుతూ మాట్లాడుకోవాలంటే ఇద్దరికీ మిగిలిన భాష ఇంగ్లీషే. ఇంగ్లీషువాడు ఒక్కడూ లేకపోయినా ఆ తరగతి నడుస్తుంది. మన పిల్లలు బ్రైటన్‌లో కొనుక్కునేదీ ఇదే సరుకు.

విదేశంలో ఈ వేరే భాష లేని గది అవసరం నిజంగా ఎక్కువగా ఉన్నవాళ్లు వేరే ఉన్నారు. భర్త ఉద్యోగం వెంట మెల్‌బోర్న్‌కో డాలస్‌కో వెళ్లిన మన ఆడపిల్లలు. చింతామణిలోనో పలమనేరులోనో డిగ్రీ చదివి, ఇంగ్లీషు చదవగలిగీ అంగట్లో నోరు తెరవలేక ఇంట్లో కూర్చున్నవాళ్లు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1948 నుంచి వలస వచ్చినవాళ్లకు ఇంగ్లీషు తరగతులు నడుపుతోంది, అర్హత ఉన్నవాళ్లకు ఉచితం. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి, చాలా ఊళ్లలో పబ్లిక్ లైబ్రరీలే సంభాషణ బృందాలు నడుపుతాయి. కానీ చుట్టూ తెలుగు కుటుంబాలు, తెలుగు వాట్సాప్ గ్రూపు, తెలుగు అంగడి ఉంటే ఆ తరగతి గడప తొక్కడానికి ఏళ్లు పడుతుంది. తోడుకు తెలుగువాళ్లుండటం మంచిదే. వారానికి నాలుగు పూటలు వాళ్లు లేని చోట కూర్చోవడం కూడా అంతే మంచిది.

ఇక డబ్బు మాట. కేవలం ఇంగ్లీషు నేర్చుకోడానికి అప్పుచేసి వెళ్లడం చాలామందికి దండగ ఖర్చే. బ్రిటన్‌లో ఆరు నుంచి పదకొండు నెలల ఇంగ్లీషు కోర్సుకు వేరే స్వల్పకాల వీసా ఉంది. దాని మీద ఉద్యోగం చేయడానికి లేదు, అక్కడే ఉండి గడువు పొడిగించుకోడానికీ లేదు. పార్ట్‌టైం పనిచేసి ఫీజు రాబట్టుకోవచ్చని ఏజెంటు చెబితే అది అబద్ధం. పెద్ద చదువుకు ఎలాగూ వెళుతున్నవాళ్లకు, అక్కడే కాపురమున్నవాళ్లకు ఆ తరగతి లాభం. మిగిలినవాళ్లు ఆ గదిని ఇక్కడే కట్టుకోవచ్చు. వేరే రాష్ట్రం హాస్టల్ మిత్రుడితో రోజూ ఒక గంట, తెలుగు, కన్నడం, హిందీ మూడింటికీ తలుపు మూసి, ఒక్కటంటే ఒక్క పని పూర్తిచేయాలి.

వెళ్లక తప్పదనుకున్నవాళ్లు ఫీజు కట్టేముందు బడికి ఒక ఈమెయిలు రాయండి. తరగతిలో ఎంతమంది ఉంటారు, ఏయే దేశాలవాళ్లు, వారానికి ఎన్ని గంటల పాఠం, గుర్తింపు ఎవరిచ్చారు అని నాలుగే ప్రశ్నలు అడగండి. ఆస్ట్రేలియాలో విదేశీ విద్యార్థులకు వారానికి కనీసం 20 గంటల బోధన ఉండాలని నిబంధన, బ్రిటన్ బడులకు గుర్తింపు పథకం బ్రిటిష్ కౌన్సిల్ నడుపుతోంది. ఈ నాలుగింటికీ సూటిగా జవాబివ్వని బడికి ఒక్క రూపాయి కూడా పంపకండి. ఆ ఈమెయిలు మాత్రం ఏజెంటు చేత రాయించొద్దు, మీరే రాయండి.