తెల్ల పూత లేని క్యాన్వాస్

2012 అక్టోబర్ 7న లండన్‌లోని టేట్ మోడరన్‌లో ఒక సందర్శకుడు చిత్రకారుడు మార్క్ రోత్కో వేసిన ‘బ్లాక్ ఆన్ మరూన్’ మూలన నల్ల సిరాతో తన పేరు, ఒక వాక్యం రాసి వెళ్లిపోయాడు. పాతకాలపు తైలవర్ణ చిత్రమైతే పైన వార్నిష్ ఉండి కొంతైనా కాపాడేది. ఇక్కడ సిరా పల్చటి రంగు పొరలన్నీ దాటి గుడ్డ వెనక్కి ఊరిపోయింది. చిత్రాన్ని బాగుచేసి మళ్లీ గోడకెక్కించడానికి ఏడాదిన్నర పట్టింది. అసలు చిత్రం మీద ప్రయోగాలు చేయలేరు కదా! అందుకని గ్యాలరీ నిపుణులు రోత్కో పద్ధతిలోనే పొర మీద పొర వేసి నమూనా ఒకటి తయారుచేశారు. దాని మీద అదే రకం సిరా పూసి, ఏ ద్రావకానికి లొంగుతుందో చూశారు. 1950ల చివర్లో రోత్కో స్వయంగా మరూన్ పూత వేసి ఉంచిన క్యాన్వాస్ ఒకదాన్ని ఆయన కుటుంబం కూడా ఈ పరీక్షల కోసం ఇచ్చింది.

ఆ నిపుణులు అడుగునుంచి పొర మీద పొర వేస్తూ వెళితే, రోత్కోలా వేయాలని ముచ్చటపడేవాళ్లు సాధారణంగా పైనుంచి మొదలుపెడతారు. రెండో మూడో పెద్ద దీర్ఘచతురస్రాలు, వాటికి మసక అంచులు, రెండు ఘాటైన రంగులు. చూడ్డానికి బాగానే ఉంటుంది, పోస్టర్‌లాగా. రోత్కో బొమ్మ ముందు నిలబడితే రంగు వెనకనుంచి ఏదో వెలుగుతున్నట్టు అనిపించే ఆ గుణం మాత్రం రాదు. అది గుడ్డ దగ్గరే మొదలవుతుంది కాబట్టి తర్వాత ఎన్ని పూతలు వేసినా తెచ్చిపెట్టలేం.

పాత యూరోపియన్ సంప్రదాయంలో క్యాన్వాస్‌కి ముందు జిగురు పూస్తారు, దాని మీద తెల్ల పూత వేస్తారు. జిగురు పని గుడ్డని నూనెనుంచి కాపాడటం. లిన్సీడ్ నూనె నేరుగా తగిలితే నూలు కాలక్రమంలో పెళుసెక్కుతుంది. తెల్ల పూత పని వెలుతురుని తిప్పికొట్టడం. రోత్కో తన ప్రసిద్ధ చిత్రాల్లో ఆ తెల్ల పూతనే వదిలేశారు. కుందేలు చర్మంనుంచి తీసిన జిగురులోనే పొడి రంగు కలిపి పచ్చి కాటన్ గుడ్డకి పట్టించేవారు. అంటే కాపాడే పూతే మొదటి రంగు కూడా అయింది. చీరకి గంజి పెట్టేటప్పుడే రంగూ వేసినట్టన్నమాట. నేత దారాల గరుకుదనం పైకి కనిపిస్తూనే ఉంటుంది, రంగు గుడ్డలోనే పుట్టినట్టుంటుంది.

ఇంట్లో ప్రయత్నించాలంటే షాపుల్లో తెల్లగా సిద్ధంగా దొరికే క్యాన్వాస్‌ల జోలికి పోవద్దు. ఏ పూతా లేని, డక్ అనే దళసరి కాటన్ గుడ్డ మీటర్ల లెక్కన తెచ్చుకోవాలి. చెక్క చట్రానికి బిగించేటప్పుడు నాలుగు వైపులా మధ్యనుంచి మొదలుపెట్టి మూలలకు వెళ్లాలి, లేకపోతే గుడ్డ ఒకవైపు లాగేస్తుంది. జిగురు పలుకుల్ని లీటరు నీటికి సుమారు 70 గ్రాముల చొప్పున రాత్రంతా నానబెట్టి, మర్నాడు వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. మరగనిచ్చారో, పట్టు పోతుంది. పొడి రంగుని ముందు కాసిని నీళ్లతో ముద్దగా నూరుకుని అందులో కలపాలి. వేడిగా ఉండగానే వెడల్పు బ్రష్‌తో గబగబా పూసేయాలి. చల్లారితే జెల్లీలా గడ్డకడుతుంది, బ్రష్ ఆగిన చోటల్లా గీత పడుతుంది. గుడ్డ పెద్దదైతే ఇద్దరు ఉండటం మేలు.

అంచుల్ని మరిచిపోకూడదు. చట్రం చుట్టూ తిరిగి వెనక్కి మడిచే పక్కల మీదికి కూడా రోత్కో రంగు తీసుకెళ్లేవారు, ఫ్రేమ్ కట్టేవారు కాదు. ఆ బొమ్మ గోడలోకి వ్యాపిస్తున్నట్టు కనిపించడానికి అదొక కారణం. చూసేవాళ్లు 18 అంగుళాల దూరంలో నిలబడాలని కోరిన మనిషికి ఫ్రేమ్ అడ్డమే కదా.

జిగురు పూత తర్వాత వేసే తైలవర్ణాన్ని టర్పెంటైన్‌తో నీళ్లలా పల్చన చేసేవారు. కొన్ని చిత్రాల్లో కారిన చారలు పైకి పోతున్నట్టు కనిపిస్తాయి. పని మధ్యలో క్యాన్వాస్‌ని తలకిందులు చేసేవారన్నమాట. న్యూయార్క్ సీగ్రమ్ భవనంలోని రెస్టారెంట్ కోసం 1958లో మొదలుపెట్టి, చివరికి ఆ పనే వద్దనుకున్న చిత్రాల్లో కొన్ని ఇప్పుడు టేట్‌లో ఉన్నాయి. వాటిని పరీక్షిస్తే పొరల్లో కోడిగుడ్డు, డామర్ అనే చెట్టు బంక, కృత్రిమ రెజిన్లు బయటపడ్డాయి. ఒక పొర మెరుస్తూ, పక్కది మెరుపు లేకుండా ఉండేది ఈ మిశ్రమాల తేడా వల్లే. తన వంటకం గురించి ఆయన బయటికి పెద్దగా చెప్పలేదు. నిపుణులు సూక్ష్మదర్శిని కింద వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆయన్ని ఆరాధిస్తూనే అనుసరించకూడనిది ఒకటుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం భోజనశాల కోసం 1962లో వేసిన పెద్ద చిత్రాల్లో ఆయన లిథాల్ రెడ్ అనే ఎరుపు వాడారు. అది ఎండకి నిలవదు. గదికేమో పెద్ద పెద్ద కిటికీలు. 1964లో పెట్టిన చిత్రాలు వెలిసిపోయి 1979కల్లా గోదాం చేరాయి. జిగురులో కలిపి వేసిన రంగుకి పైన రక్షణ పూత లేదు; మీద కొత్త రంగు పూస్తే పాతదాంట్లో కలిసిపోతుంది, మళ్లీ విడదీయలేరు. అందుకని 2014లో బొమ్మలని ముట్టుకోకుండా, పోయిన రంగుల్ని ప్రొజెక్టర్ వెలుతురుతో వాటి మీద ప్రసరింపజేసి చూపించారు. ఈ ఉపాయం నాకు ఆ చిత్రాలంత ఆసక్తికరంగా అనిపిస్తుంది. మనం మాత్రం ఐరన్ ఆక్సైడ్ ఎరుపులు, కాడ్మియం లాంటి నిలిచే రంగులు ఎంచుకోవచ్చు. కాడ్మియం పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం, మాస్క్ తప్పనిసరి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లకి ఇంకో చిక్కు. చర్మపు జిగురు గాలిలోని తేమ పీలుస్తుంది. వానాకాలంలో గుడ్డ వదులై, ఎండల్లో బిగుస్తూ ఉంటే పైనున్న తైలవర్ణం పగుళ్లిస్తుంది. బూజూ పట్టొచ్చు. అక్కడ జిగురుకి బదులు మెరుపు లేని యాక్రిలిక్ మీడియంలో పొడి రంగు కలిపి పూయడం నయం. గుడ్డలోకి ఇంకడం కాస్త తగ్గుతుంది, అందుకని మొదటి పూత బాగా పల్చగా ఉండాలి. ఎండాక వెనక్కి తిప్పి చూడండి: నేత సందుల్లోంచి రంగు లీలగా కనిపిస్తే గుడ్డ తాగిందన్నట్టు. కనిపించకపోతే పైపైనే ఉండిపోయింది, ఇంకా పల్చన చేసి మరో ముక్క మీద వేసి చూడాలి.