చలనచిత్రమున దాస్యవిమోచనము: ఫలస్వామ్య విచారము

దశరూపకకర్త యగు ధనంజయుడు ఇతివృత్తమును ఆధికారికము, ప్రాసంగికము అని రెండుగా విభజించుచు, అధికారమనగా ఫలస్వామ్యమనియు, ఆ ఫలమునకు ప్రభువైనవాడే అధికారి యనియు నిర్వచించినాడు. దృశ్యకావ్యమునకు చెప్పబడిన యీ లక్షణమును చలనచిత్రమునకును అన్వయింపవచ్చును. అయితే దాస్యవిమోచనము కథావస్తువైనపుడు ఒక చిక్కు కలుగుచున్నది. అట్టి కథలో ఫలము స్వేచ్ఛ. దాని ననుభవింపవలసినవారు దాస్యమున నున్నవారు. కాని చిత్రము పేరు విమోచకునిది. ఆద్యంతము ప్రేక్షకుని దృష్టి నిలుచునదియు అతనిపైననే. ఫలమొకరిది, కథ వేఱొకరిది. ఈ యెడమును చిత్రకర్తలు ఎంతవఱకు పూడ్చగలిగిరో రెండు చారిత్రక చిత్రములయందు పరిశీలింప దలచితిమి. మొదటిది స్టీవెన్ స్పీల్‌బర్గు దర్శకత్వమున 2012లో వెలువడిన 'లింకన్'. రెండవది 1974లో వెలువడిన 'అల్లూరి సీతారామరాజు'.

ఈ రెంటిని జతపఱచుట కొందఱకు వింతగా తోపవచ్చును. ఒకటి దేశాధ్యక్షుడు చట్టసభ మూలమున జరిపిన పోరాటము. వేఱొకటి విశాఖమన్యమున విల్లంబులతోను, ఠాణాలనుండి కొనిపోయిన తుపాకులతోను జరిగిన పోరాటము. కాని రెంటికిని మూలమున నున్నది బలవంతపు చాకిరియే. 1922నాటి మన్యపు పితూరీకి ముఖ్యకారణములలో నర్సీపట్టణమునుండి చింతపల్లికి వేసిన బాటపై కొండజనులచేత చేయించిన నిర్బంధపు చాకిరి యొకటి. రేవుపట్టణమున కూర్చుండి చదువు చెప్పుకొనుచున్న మనకు ఆ బాట దూరమైనది కాదు.

'లింకన్' చిత్రమున ఇతివృత్తైక్యము మెచ్చదగినది. టోనీ కుష్నరు రచించిన కథనము అధ్యక్షుని జీవితమంతయు చెప్పబూనలేదు. 1865 జనవరి మాసమును ప్రధానముగా గ్రహించినది. 1863 నాటి విమోచన ప్రకటన యుద్ధకాలపు టుత్తరువు; యుద్ధము ముగిసినపిదప అది నిలుచునో నిలువదో యను సందేహము కలదు. కావున రాజ్యాంగమునకు పదమూడవ సవరణ కావలసివచ్చెను. సెనేటు 1864లోనే దాని నంగీకరించినను, ప్రతినిధులసభలో మూడింట రెండు పాళ్ల మద్దతు లేదు. ఆ కొఱత తీర్చుటకై అధ్యక్షుని మనుష్యులు ఓడిపోయిన సభ్యులకు ఉద్యోగముల నాశచూపుట, సంధిరాయబారుల రాకను గూర్చి అధ్యక్షుడే సభకు మాటల నేర్పుతో సమాధానము పంపుట, సర్వసమానత్వవాది యగు థాడియస్ స్టీవెన్సు సభలో తన వాదమును చట్టముముందరి సమానత్వమునకే కుదించుకొనుట, ఇవన్నియు దాపఱికము లేక చూపబడినవి. ధర్మమైన ఫలమునకు మలినమైన సాధనములు తగునా యను ప్రశ్న చిత్రమునకు ప్రాణము. జనవరి 31న 119 మంది అనుకూలముగను, 56 మంది ప్రతికూలముగను వోటుచేయగా సవరణ నెగ్గెను. చిత్రమున కనెక్టికట్ ప్రతినిధు లిద్దఱు ప్రతికూలముగా వోటు చేసినట్లు చూపుట చరిత్రవిరుద్ధము. ఆ రాష్ట్రమువారు నలువురును అనుకూలురే. ఉత్కంఠకై చేసిన యీ కల్పనను మిశ్రేతివృత్తమున సహింపవచ్చును.

సహింపరాని లోపము వేఱొకటి కలదు. యుద్ధారంభమునుండియు వేలకొలది దాసులు తోటలను విడిచి ఉత్తరసేనల శిబిరములకు పాఱివచ్చిరి. సుమారు 1,80,000 మంది నల్లజాతివారు ఆ సైన్యమున పోరాడిరి. విమోచనము రాజకీయావశ్యకమగుటకు వీరు బలమైన కారణము. చిత్రారంభమున ఒక నల్లసైనికుడు జీతములోని తేడాను, తమలో నధికారులు లేకుండుటను అధ్యక్షుని యెదుటనే ఎత్తిచూపును. ఆ సన్నివేశము కలిగించిన యాశ పిదప నెఱవేఱదు. ఫ్రెడరిక్ డగ్లసు వంటి నాయకుడు చిత్రమున కానరాడు. సభలో వోటు జరుగుచుండగా నల్లజాతివారు పైవసారాలో కూర్చుండి చూచుచుందురు. తాము పోరాడి తెచ్చుకొన్న ఫలమునకు వారు సాక్షులైరి గాని కర్తలు కాలేదు. చిత్రకర్త యీ లోపము నెఱిగియే కాబోలు, తుదిలో ఒక చక్కని దృశ్యము కల్పించినాడు: స్టీవెన్సు సవరణప్రతిని ఇంటికి తెచ్చి, తనతో జీవించుచున్న లిడియా స్మిత్ చేతికిచ్చును, ఆమె దానిని పైకి చదువును. చట్టము ఎవరిదో వారి నోట వినబడిన క్షణమది. చిత్రమంతటిలో ఫలము స్వామిని చేరిన ఘట్టము అదొక్కటియే.

ఇక మన చిత్రము. తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రమిది. త్రిపురనేని మహారథి రచన. ఘట్టమనేని కృష్ణ నాయకుడు. చిత్రీకరణ ముగియకమున్నే దర్శకుడు వి. రామచంద్రరావు మరణింపగా పోరాటఘట్టములకు కె.ఎస్.ఆర్. దాసును, మిగిలిన భాగమునకు కృష్ణయు దర్శకత్వము వహించి పూర్తిచేసిరి. ఆంగ్లచిత్రమున లోపించినది ఇందు కలదు. అచట దాస్యము చర్చకు వచ్చునే గాని కంటికి కనబడదు; ఇచట కొండజనుల బాధ, అధికారుల దౌర్జన్యము తెరపైననే చూపబడినవి. రూథర్‌ఫర్డు పాత్రను జగ్గయ్య గంభీరముగా పోషించుటచేత ప్రతినాయకుడు కేవలము దుష్టుడు గాక, ఒక సామ్రాజ్యతర్కమునకు ప్రతినిధిగా నిలిచినాడు. నాయకునితో అతని తుది సంవాదమును ప్రేక్షకులు నేటికిని స్మరించుట అందువలననే.

అయినను కథ సాగినకొలది చాకిరి వెనుకబడి జాతి ముందునకు వచ్చుచున్నది. శ్రీశ్రీకి ఉత్తమ గీతరచనకు జాతీయపురస్కారము తెచ్చిన గీతపు పల్లవి 'తెలుగు వీర' అని సంబోధించును. ఆ సంబోధనలోని వైశాల్యమే చిత్రమునకు అంతటి ప్రజాదరణ తెచ్చెననుట నిజము. కాని మన్యమున కోయ, కువి మొదలగు భాషలవారును కలరు. 1882 నాటి అటవీచట్టముచేత పోడుభూమి కోల్పోయినవాని గోడు, బాటపై రాళ్లు మోసినవాని గోడు, ఆ పిలుపులో కరగిపోయి జాతిస్వాతంత్ర్యమున కొక ఉపోద్ఘాతముగా మిగిలినది. విజయనిర్మల ధరించిన సీత పాత్రతో నల్లిన ప్రణయకథ మఱికొంత తావు నాక్రమించినది. గాము గంటందొర, మల్లుదొర సోదరులు చరిత్రలో స్వయముగా ఫిర్యాదు కలవారు; కార్యకర్తలు. చిత్రమున వారు ప్రధానముగా అనుచరులు.

వీరగాథ వీరునిదే కదా యని ఆక్షేపింపవచ్చును. ఆ మాట కొంతవఱకు సరియే. అయితే వెట్టివాడు నాయకుడగుట అసాధ్యము కాదని 1979లో గౌతంఘోషు దర్శకత్వమున తెలుగున వచ్చిన 'మాభూమి' నిరూపించినది. అందు నాయకుడగు రామయ్య దొరవారి వెట్టిక్రింద నలిగిన కుటుంబమున బుట్టినవాడు. పోరాటమును అతడే నేర్చుకొనును, అతడే చేయును. ఫలమునకును కథకును ప్రభువొక్కడే యైన చిత్రమిది.

మా ముఖ్యమైన అభ్యంతరము చిత్రాంతమును గూర్చినది. 1924 మే 7న కొయ్యూరున రాజు వధింపబడుటతో నాయకుని కథ ముగియును, దాస్యము ముగియదు. మన్యమున అప్పుతీర్చుటకై చాకిరిచేయు గొత్తి పద్ధతి అటుపిమ్మటను నిలిచియుండుటచేతనే 1940లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ఋణదాస్యముపై నిబంధన చేయవలసివచ్చెను. 1950లో భారతరాజ్యాంగపు 23వ అధికరణము నిర్బంధపు చాకిరిని నిషేధించెను. అదియే మన పదమూడవ సవరణ. అయినను 1976లో మఱల చట్టము కావలసెను. ఆ చట్టము పేర్కొన్న దాస్యపద్ధతుల పట్టికలో వెట్టి, పాలేరు, జీత అను మాటలు చేరియుండుట మనము సిగ్గుతో గమనింపవలసిన విషయము. అమెరికా సవరణకును ఇట్టి శేషము కలదు: నేరమునకు శిక్షగా విధించు చాకిరిని అది మినహాయించినది. హత్యతోనో వధతోనో ముగియు చిత్రము ప్రేక్షకుని కన్నీటితో ఋణము తీఱినదనిపించును. తీఱలేదని చెప్పుట విమర్శకుని విధి.

ఈ సందర్భమున చిత్రము విడిచిన ఒక సత్యఘట్టమును జ్ఞాపకము చేయుచున్నాము. పితూరీలో పాల్గొని, చెఱ ననుభవించిన గాము మల్లుదొర 1952లో తొలి లోకసభకు విశాఖపట్టణపు ద్విసభ్యస్థానమునుండి ఎన్నికైన యిద్దఱిలో ఒకరు. లింకన్ చిత్రమున విముక్తులు కావలసినవారు పైవసారానుండి చూచిన సభవంటి సభలోనికి, మన మన్యపు మనిషి తానే సభ్యుడై ప్రవేశించినాడు. ధనంజయుని పరిభాషలో ఫలస్వామ్యమనగా ఇదియే. ఈ కథ నెవ్వరును తెరకెక్కించినట్లు మే మెఱుగము. పరిశోధకవిద్యార్థులు పితూరీపై వెలువడిన నాటకములను, బుఱ్ఱకథలను, చిత్రములను పరిశీలించునపుడు వీరుడు ఎంత గొప్పగా మరణించెనని మాత్రమే గాక, బాటపై రాళ్లు మోసినవాడు తుదకేమయ్యెనని కూడ అడుగుదురుగాక.