ఎన్ని వేళ్లు?

ఆదివారం పొద్దున్నే మా ఊరి హైస్కూలు మైదానంలో పిల్లలకు సైకిలు నేర్పిస్తాను. వచ్చేవాళ్లలో సగంమందికి తొక్కడం ముందే వచ్చు. ‘ఇంకేం నేర్పుతారు మాస్టారూ?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. వెనక్కి చూడటం నేర్పుతాను.

నిరుడు మా వీధిలో ఏడో తరగతి పిల్లాడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. చేతులు వదిలేసి తొక్కగలిగినవాడే. కుడివైపు సందులోకి తిరుగుతూ వెనక వస్తున్న ఆటోను చూసుకోలేదు, అంతే. ఆ మరుసటి ఆదివారం నుంచే ఈ పని మొదలుపెట్టాను.

ముగ్గుపిండితో నేలమీద పొడుగ్గా గీత గీస్తాను. పిల్ల దాని వెంటే తొక్కుతూ పోవాలి. వెనక నిలబడి ‘ఎన్ని?’ అని కేకేస్తాను. తల తిప్పి, నేను చూపిన వేళ్లెన్నో చెప్పాలి. మొదటిరోజు తల ఎటు తిరిగితే సైకిలూ అటే పోతుంది. తలతో భుజం, భుజంతో చెయ్యి, చేత్తో హ్యాండిలు తిరిగిపోతాయి మరి. రోడ్డుమీదైతే వెనక బండిని చూడబోయి దానికే అడ్డం పడతారు. మోచేతులు బిగించొద్దు, గడ్డం భుజంమీదికి తీసుకురా అంటాను. నాలుగైదు వారాలకు గీత తప్పకుండా ‘మూడు!’ అని అరుస్తారు. ఆ అరుపు వినడానికి వారమంతా ఎదురుచూస్తాను. కుడిచెయ్యి చాచడం ఆ తరవాతే. ముందు చూపు, తరవాత చెయ్యి, ఆఖర్న మలుపు.

బ్రిటన్‌లో 2007లో మొదలైన బైకబిలిటీ శిక్షణలో మూడు మెట్లుంటాయి: మైదానం, రద్దీలేని వీధి, ఆపైన పెద్దరోడ్డు. మేమూ అదే వరస పాటిస్తున్నాం. రోడ్డెక్కాక ఎడమపక్కే వెళ్లాలి. బడి కుడివైపుందని ఎదురుగా తొక్కడం మా ఊళ్లో పెద్దలు నేర్పిన పాడలవాటు.

ఇంకో మాట. ‘ఎదుగుతుందిలే’ అని పెద్ద సైకిలు కొనకండి. సీట్లో కూర్చుంటే మునివేళ్లు నేలకు తగలాలి. పుస్తకాల సంచి హ్యాండిలుకు తగిలించకూడదు. చున్నీ నడుముకు బిగించి కట్టాలి. చక్రంలో చుట్టుకుంటే మెడకు ఉరే.

తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతోపాటే వేలమంది ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. చదువు చెప్పినట్టే దాన్నీ పద్ధతిగా నేర్పారు. మనం మాత్రం సైకిలు కొన్న మర్నాడే పిల్లల్ని బడికి తోలేస్తున్నాం.

ఈ ఆదివారం ఖాళీ స్థలం చూసి, మీ పిల్లల వెనక నిలబడి, ఎన్ని వేళ్లో అడగండి. జవాబు సరిగ్గా వచ్చేదాకా పెద్దరోడ్డెక్కనివ్వకండి.